కవరు మీద రెండో పేరు

వడమాలపేటలో ప్రైవేటు బడి తెలుగు టీచరు గ్రేసీకి ఇంకో పని కూడా ఉండేది. తిరుపతి పెద్దమనుషుల జీవితకథలు వాళ్ళ పేరుతోనే రాసిపెట్టడం. హోటల్ యజమాని చక్రధర్ కథ అలాగే రాసింది. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. తన పేరు ఉండదని ముందే ఒప్పుకుంది కాబట్టి ఆ పుస్తకం గురించి ఆమెకు ఏ బాధా లేదు.

రెండో పుస్తకం వీధినాటకం కళాకారుల మీద. ఆలోచన గ్రేసీదే. చక్రధర్ తండ్రి ఒకప్పుడు ద్రౌపది వేషం కట్టినవాడు కావడంతో ఆయనకూ ఉత్సాహం వచ్చింది. తనకు తెలిసిన వేషగాళ్ళ గురించి ఆయన సగం రాశాడు. మిగతా సగం కోసం గ్రేసీ సెలవులన్నీ పాకాల చుట్టుపక్కల ఊళ్ళలోనే గడిపింది. అక్కడే ఆమెకు పోలేరమ్మ అనే ముసలామె పరిచయమైంది. మొగుడు వేషం కడితే తెర వెనక పాడిన మనిషి. ఆ పాటలు కట్టింది కూడా ఆమే. పేరు మాత్రం మొగుడికి వచ్చింది.

"ఈ పుస్తకం మనిద్దరిదీ. రెండు పేర్లూ ఏస్తాం" అని చక్రధరే అన్నాడు.

తీరా గ్రేసీ ప్రెస్సుకు వెళ్ళి చూస్తే కవరు మీద ఒక్క పేరే ఉంది. చక్రధర్ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"నా పేరు యాడ సార్?"

"లోపల ఉండాది సూడమ్మా, రాతలో సాయం అని. పోయిన పుస్తకానికి పేరు అడగలేదే నువ్వు?"

గ్రేసీకి ఒళ్ళు మండిపోయింది. "అది మీ బతుకు, మీరు చెప్పినారు, రాసిచ్చినాను. దీంట్లో సగం నేను తిరిగి, నేను ఆలోచించి రాసింది. సాయమంటారా దీన్ని?"

"జనం నా పేరు చూసి కొంటారు. నీ పేరు ఎవురికి తెల్సు?"

"తెలీకుండా చేస్తా ఉండేది మీరే గదా!"

ఆమె ప్రెస్సు యజమాని బాలాజీ వైపు తిరిగింది. "నా అధ్యాయాలన్నీ తీసెయ్యన్నా. అచ్చేసినావంటే కోర్టుకు పోతా." చక్రధర్ ఎంత అరిచినా బాలాజీ ధైర్యం చేయలేకపోయాడు. పుస్తకం బక్కచిక్కి బయటికొచ్చింది. ఆవిష్కరణ సభ మాత్రం ఘనంగా జరిగింది.

గ్రేసీ తన సగం తీసుకుని పోలేరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఇద్దరి పేర్లూ ఏద్దామా అవ్వా?"

"నాకు రాయను రాదు గదమ్మే."

"పాటలు నీవి. నేను రాసింది చదువుతా, తప్పుంటే చెప్పు."

పోలేరమ్మ మొహమాటపడలేదు. "నా మొగుణ్ణి మరీ మంచోణ్ణి చేసినావు, మార్చు" అని ఒక అధ్యాయమంతా తిరగరాయించింది. చిత్తూరులో ఒక చిన్న ప్రచురణకర్త ఇద్దరి పేర్లతో వేశాడు.

పుస్తకం వచ్చిన వారానికి చక్రధర్ ఫోన్ చేశాడు. "బాగుండాదమ్మా. నా దగ్గర నేర్చుకునిందే గదా."

గ్రేసీ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు బడిలో ఏ తప్పూ చేయని పిల్లల మీద కూడా అరిచింది.