ఎవరి పాటకు వాళ్ల ఓటు

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం మా గల్లీలో రేడియో మోగిందంటే, పొయ్యి మీద కూర మాడిపోతున్నా లేచేవాళ్లు లేకుండె. నిజామాబాదులో మాది బీడీలు చేసుకునే గల్లీ. ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరి, ఒళ్లో చాటలు పెట్టుకొని, ఆకు కత్తిరించి, దాంట్లో తంబాకు పోసి చుట్టుకుంట, దారం కట్టుకుంట వినేవాళ్లు. అది పాటల పోటీ కార్యక్రమం. ఎవరికి నచ్చిన పాట పేరు వాళ్లు కార్డు మీద రాసి రేడియో స్టేషనుకు పంపాలె. ఎక్కువ ఓట్లు పడ్డ పది పాటలను, పదోదానితో మొదలుపెట్టి ఒకటోదాని దాకా వేసేవాళ్లు. అబ్బ, ఆ ఒకటో పాట ఏదా అని మా గుండెలు ఎట్ల కొట్టుకునేవో! ఇప్పటి పిల్లలు వేలితో నొక్కితే పాట వస్తది. వాళ్లకేం తెలుసు ఆ తండ్లాట.

మా గల్లీలో రేడియోకు రాణి అంటే పక్కింటి అక్కనే. పదో తరగతి దాకా చదివింది. బీడీలు చేసుడులో ఆమె చేతికి ఎదురులేదు, నోటికైతే అసలే లేదు. ఆమెకు ఒక పాట మీద ప్రాణం. అదేమో ప్రతిసారీ రెండోదాని దాకా వచ్చి ఆగిపోయేది. అట్ల ఆగినప్పుడల్లా, "నీ నోట్ల మన్ను పడ" అని రేడియోను తిట్టేది. ఆ ఏడు ఆమెకు రెంజల్ దిక్కు సంబంధం కుదిరింది. సంవత్సరం చివర్లో వచ్చే పెద్ద పోటీ అయిపోంగనే లగ్గం. ఈ వాకిట్లో, ఈ ఆడవాళ్ల నడుమ కూసొని, తన పాట ఒకటోదిగా ఒక్కసారి విని పోవాలని అక్క కోరిక. అత్తగారింట్లో రేడియో ఎవరి చేతిలో ఉంటదో ఎవరికెరుక?

గల్లీలో రాయొచ్చినవాళ్లు తక్కువ. అందరి కార్డులూ అక్కనే రాయాలె. నేను ఉరికిపోయి పోస్టాఫీసు నుంచి కార్డులు తెచ్చిన. "నీకు నచ్చిందే రాయి బిడ్డా, మాకేం తెలుసు" అని ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు అక్కతో అన్నరు. నేను ఎగిరి గంతేసిన. ఇన్ని ఓట్లు ఒక్క పాటకు పడితే ఇంకేముంది, ఈసారి మనదే! అక్క పెన్ను మూత తీసింది, మొదటి కార్డు మీద తన పాట పేరు రాయబోయి ఆగింది. "నా ఇష్టం రాస్తే గది మీ ఓటెట్లయితది? మీకేది ఇష్టమో మీరే చెప్పుండ్రి" అన్నది.

ఆడవాళ్లు ఒకరి మొకాలు ఒకరు చూసుకున్నరు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఇంకొకామె, మా ఇంటాయనకు నచ్చిందే నాకూ అన్నది. ఆయన కార్డు ఆయన రాసుకుంటడు, నీది చెప్పుమని అక్క వదల్లేదు. నాకు కోపం నషాళానికెక్కింది. "అక్కా, పిచ్చి లేసిందా? మన పాట ఓడిపోతది!" అని అరిచిన. మా అమ్మ కూడా, పెండ్లిపిల్లవు, నీ ముచ్చట తీరనీయరాదే అన్నది. అక్క మొకం చిన్నబోవుడు నేను చూసిన. అయినా లేచి ఒక్కొక్కరి పక్కకు పోయి కూసున్నది. మెల్లగా నోర్లు విచ్చుకున్నయి. ఒకామె భక్తి పాట అన్నది. నలుగురు పిల్లల తల్లి, మేమంతా ముక్కు మీద వేలేసుకునేటట్టు, ఎగిరి దుంకే పాట ఒకటి చెప్పింది! ఇద్దరు ముగ్గురు మాత్రం అక్క పాటే అన్నరు.

చివరికి మూలింటి అవ్వ మిగిలింది. రోజూ వచ్చి గోడకు ఒరిగి, ఎవరి జోలికీ పోకుండా తన బీడీలు తను చేసుకొని పోయే ముసలామె. అక్క అడగంగనే ఆమె చేతులు ఆగినయి. "నా ఇష్టమా?" అన్నది. "గిన్నేండ్లల్ల నన్నెవరడిగిండ్రు బిడ్డా? లగ్గానికే అడగకపాయిరి." కొంగుతో కండ్లు తుడుచుకొని, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు డేరా టాకీసులో విన్న పాట పేరు చెప్పింది. మాలో ఎవరమూ ఆ పాట విననే లేదు. అక్క ఆ కార్డును అన్నిటికంటే ముద్దుగా రాసింది.

పోటీ రోజు వాకిట్లో కాలు పెట్టే జాగ లేదు. పదోది వచ్చింది, తొమ్మిదోది వచ్చింది. ఒక్కో పాట మొదలైనప్పుడల్లా అవ్వ తలెత్తి చూసుడు, మళ్లీ చాటలోకి వంగుడు. అక్క పాట మళ్లా రెండోదిగానే వచ్చింది. ఆమె నెత్తి కొట్టుకొని నవ్వింది, ఆ నవ్వులోనే కండ్లల్లో నీళ్లు తిరిగినయి. నాకైతే ఆమెను పట్టుకొని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఒకటో పాట కూడా అయిపోయింది. అవ్వ పాట ఎక్కడా రాలేదు. ఆమె చాట సర్దుకొని లేవబోయింది.

అక్క రేడియో బంద్ చేసింది. పోయి అవ్వ ముందట కూసున్నది. "రేడియోవాళ్లు వెయ్యకుంటే ఏమాయె? నువ్వు పాడు అవ్వా, మేం వింటం" అన్నది. అవ్వ ఛీ పో అని సిగ్గుపడ్డది. ఇప్పుడు అక్క ఒక్కతే కాదు, ఆడవాళ్లంతా పట్టుబట్టిండ్రు. చివరికి అవ్వ పాట ఎత్తుకున్నది, మొదట్లో చిన్నగా. రెండో చరణానికి వచ్చేసరికి, అమ్మో, ఆ గొంతు లేచి వాకిలంతా నిండింది! కత్తెరల చప్పుడు లేదు, దారం తెంపిన చప్పుడు లేదు. ఏండ్ల తరబడి మా పక్కన కూసున్న మనిషికి అంత గొంతున్నదని మాకెవ్వరికీ తెల్వదు. అక్క ఆమె మోకాలి మీద తల పెట్టుకొని ఏడ్చింది. తన పాట ఓడినందుకు కాదని పిల్లదాన్నయిన నాకు కూడా సమజైంది.

తర్వాత అక్క అత్తగారింటికి పోయింది. ఆమె పాట ఎన్నడన్నా ఒకటోదయిందో లేదో నాకు తెల్వదు. ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. వంట కానీ, చదువు కానీ, పెండ్లి కానీ, "మీ ఇష్టం" అని తప్పుకునేవాళ్లను నేను ఊకె వదలను. పక్కన పోయి కూసుంట, వాళ్ల మాట వాళ్లు చెప్పేదాకా లేవను. ముసల్ది సతాయిస్తున్నదని నవ్వుతరు. నవ్వనీయి. ఎవరూ అడగక ఊకున్న మనిషి ఎట్లుంటదో నేను చూసిన, అడిగినంక ఎట్లుంటదో కూడా చూసిన.