ఊరందరికీ ఒకే నంబరు

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఎనిమిదేళ్లపాటు మౌసు పట్టుకుని క్లిక్కులు కొట్టినదాన్ని నేను. స్క్రీను తెరవడం, పేరు కొట్టడం, సేవ్ నొక్కడం, తప్పు కనబడితే రాసి పంపడం. అలాంటి నన్ను ఇకమీదట ఆటోమేషన్ నేర్చుకోమని, అదీ బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అనే పద్ధతిలో నేర్చుకోమని కంపెనీవాళ్లు అన్నప్పుడు ఒళ్లు మండింది. పేరే ఇంత పొడుగుంటే పని ఎంతుంటుందో అనుకున్నాను. అప్పటికే నేను మార్కాపురంలో ఇంటి నుంచి పనిచేస్తున్నాను. నేర్పే టీమ్ లీడ్ హైదరాబాద్‌లో ఉండేవాడు.

తీరా చూస్తే అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఎలా నడుచుకోవాలో ముందుగానే మామూలు మాటల్లో రాసుకోవాలి. ఫలానా పరిస్థితి ఉన్నప్పుడు, ఫలానా పని చేస్తే, ఫలానాది జరగాలి. ఇలాంటి ఒక్కోదాన్ని ఒక ఉదాహరణ అంటారు. వాటి కింద కోడ్ తగిలిస్తే కంప్యూటరే నడిపి చూసుకుంటుంది. జరిగితే పచ్చ, జరగకపోతే ఎరుపు. లీడ్ ఒక్క షరతు మాత్రం పెట్టాడు. ఆ ఉదాహరణలు మన బుర్రలోంచి రాయకూడదు, ఆ పని రోజూ చేసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల నోటి నుంచి రాబట్టాలి.

నాకిచ్చిన ప్రాజెక్టు మార్కాపురంలోనే ఉన్న ఒక ఆసుపత్రిది. డయాలసిస్ రోగులకు టర్నులిచ్చే సాఫ్ట్‌వేర్. ఒక్కొక్కరూ వారానికి రెండుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. ఒక్క టర్ను తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. అన్నాళ్లూ ఆ టర్నులను నోటుబుక్కులో రాస్తూ వచ్చిన నర్సక్క దిగులంతా అదొక్కటే.

"ఏమన్నా కానీ అమ్మా, ఎవురి టర్నూ తప్పకూడదు. అంతే నాకు కావాల్సింది," అంది మొదటి రోజు.

తప్పదక్కా అని గొప్పగా చెప్పి వచ్చాను. మళ్లీ ఆమె దగ్గరికి పోలేదు. ఆసుపత్రి మా ఇంటికి నడిచిపోయేంత దూరమే. ఇంత అనుభవం పెట్టుకుని నర్సు పక్కన స్టూలు వేసుకుని అడిగి రాసుకోవడమేమిటని పొగరు. ఇంట్లోనే కూర్చుని ఉదాహరణలన్నీ రాసేశాను. కొత్త రోగి వస్తే ఏం జరగాలి, తేదీ మార్చుకుంటే ఏం జరగాలి, మిషను పాడైతే ఏం జరగాలి, అన్నీ. రోగిని గుర్తుపట్టడానికి ఫోన్ నంబరు చాలునని రాసింది కూడా నేనే. నంబరు ఒకటే అయితే మనిషీ ఒకరే, ఒక టర్ను అయ్యాకే తర్వాతిది ఇస్తారు, కాబట్టి కొత్తది ఎక్కగానే పాతది పోవాలన్నాను. డెవలపర్లు నేను రాసినట్టే కట్టారు. అన్నీ పచ్చగా వెలిగాయి. ఎవరినడిగి రాశావని లీడ్ ఫోన్‌లో అడిగాడు. నర్సుతో కూర్చుని రాశానన్నాను. పచ్చి అబద్ధం.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నేను పుట్టింది వెలిగండ్ల దగ్గర పల్లెలో. రేషన్ కార్డుకైనా, గ్యాసుకైనా, బ్యాంకుకైనా మా నాయన మా వీధి అంగడాయన నంబరే ఇచ్చేవాడు. వీధిలో సగం మంది అంతే. మెసేజ్ వస్తే అంగడాయనే చదివి చెప్పేవాడు. చదువు రానివాళ్లు ఇప్పటికీ అలాగే చేస్తారు. ఇదంతా తెలిసినదాన్ని, ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే ఏదో హైదరాబాద్‌లోనే పుట్టినట్టు మనిషికొక నంబరని రాశాను.

నోటుబుక్కు పక్కన పెట్టేసిన మొదటి సోమవారం పొద్దున పదింటికి నర్సక్క వెంటనే రమ్మని ఫోన్ చేసింది. వెళ్లేసరికి వరండాలో బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. హనుమంతునిపాడు పక్క పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. కాళ్లు ఉబ్బిపోయి చెప్పులు పట్టక చేత్తో పట్టుకున్నాడు. లిస్టులో ఆయన పేరు లేదు. వాళ్ల ఊరికే చెందిన ఒకామెకు గురువారం టర్ను ఎక్కించగానే ఈయన సోమవారం ఎగిరిపోయింది. ఇద్దరిదీ ఒకే నంబరు, వాళ్ల ఊరి అంగడిది.

మిషన్లన్నీ నిండి ఉన్నాయి. నర్సక్క నన్ను తిట్టలేదు. "నన్నొక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదమ్మా. పల్లెలో నంబరంటే అంగడి నంబరే," అంది.

తిట్టినా బాగుండేది. మూడింటికి ఒక మిషను ఖాళీ అయ్యేదాకా ఆయనకు ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరాడటం లేదన్నాడు. అంతసేపూ నేనూ అక్కడే నిలబడ్డాను. నాకు చేతనైందేమీ లేదు. ఆయనకేమైనా అయితే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా గోడ గడియారం చూశాను.

ఆయన్ను మిషను మీదికి ఎక్కించాక లీడ్‌కు ఫోన్ చేసి అబద్ధమాడానని ఒప్పుకున్నాను. ముందు ఈ ఇద్దరి ఉదాహరణ రాసి అది ఎర్రగా రావడం చూపించు, ఆ తర్వాతే సరిచేయిద్దాం అన్నాడు. అది సరయ్యేదాకా ఆసుపత్రిలో మళ్లీ నోటుబుక్కే నడిచింది. నేను నర్సక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె సూదులు గుచ్చుతూ చెబుతుంటే రాసుకున్నాను. ఒకే ఆటోలో వచ్చే ముగ్గురికి ఒకే పూట ఇవ్వాలి, లేకపోతే ముగ్గురూ రారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే ఒకామెను, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకు ఇంటికి పంపాలి. బస్సు రాకపోతే ఒక ఊరి రోగులందరూ ఒకేసారి ఆలస్యమవుతారు. నా బుర్రకు ఇవి నూరేళ్లకీ తట్టేవి కావు. ఒకే నంబరున్న ఇద్దరి ఉదాహరణ నడిపితే ఎర్రగా వచ్చింది. సరిచేశాక పచ్చబడింది.

మళ్లీ సాఫ్ట్‌వేర్ మీద నడిపిన వారం, బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్తే వరండాలో ఆ పెద్దాయన మూటతో కూర్చుని ఉన్నాడు. గబగబా లిస్టు తెరిచాను. గురువారం పొద్దుటి మొదటి పేరు ఆయనదే.

"పెదనాయనా, నీ టర్ను రేపు గదా. ఇయ్యాళే వచ్చినావేంది?" అన్నాను.

"తెలుసు పాపా. మెసేజ్ వస్తే అంగడాయన చదివి చెప్పినాడు. మళ్లీ పేరు లేకపోతే అడుక్కునేదానికి ఒక రోజన్నా ఉంటదని ముందే వచ్చినా."

ఆ తప్పు నాదేనని, ఇక జరగదని చెప్పాను. లిస్టులో ఆయన పేరు చూపించాను. ఆయనకు చదవడం రాదు. సరే పాపా అని తలూపాడు, కోపమేమీ లేదు. ఒకే నంబరున్న ఇద్దరి ఉదాహరణ ఇప్పటికీ రోజూ నడుస్తుంది, రోజూ పచ్చగానే వస్తుంది. ఆయన మాత్రం ప్రతిసారీ ఒక రోజు ముందే వచ్చి ఆ వరండాలో పడుకుంటున్నాడు.