సముద్రం అడుగున మన లంక పొలం

మొన్న ఫోన్లో అడిగారు కదా, నదులు తెచ్చిన మట్టి సముద్రంలో అంత లోతుకి ఎలా పోతుందమ్మమ్మా అని. నాకు తెలుసర్రా. పోయింది మన పొలమే.

మీరింకా పుట్టలేదు. ఆ ఏడు వరదకి గోదారి, ఏటి మధ్య దిబ్బ మీదున్న మన లంక పొలాన్ని కోసుకుపోయింది. నీళ్లు తీశాక చూస్తే, అవతలి ఒడ్డున మీ అమ్మ అత్తారి గట్టు కింద కొత్తగా మేట వేసుంది. మా వియ్యంకుడుగారు, అంటే మీ నాన్న వాళ్ల నాన్న, అందులో వంగనారు పెట్టేశారు.

మీ తాతయ్య పడవెక్కి వెళ్లి, గుప్పెడు మట్టి తీసి వాసన చూశారు. "ఇది నాదే బావగారూ. మా గేదెల పెంట వాసన నాకు తెలీదా?"

"అయితే ఆ గేదెల్నే తీసుకురండి, సాక్ష్యం చెబుతాయి."

అంతే, రెండిళ్లకీ రాకపోకలు ఆగిపోయాయి. నా భయం నాది. మీ అమ్మకి తొలిచూలు, పురిటికి తెచ్చుకోవాలి. "వచ్చి అడిగితే పంపుతాం" అని ఆయన, "వంకాయలెవరివో ముందు తేలనీ" అని ఈయన.

అప్పుడే సముద్రపు బురద గురించి చదువుకుంటున్న అమ్మాయొకతె, ఏటి మట్టి సీసాల్లో పట్టుకుంటూ, మంచినీళ్లకని మనింటికొచ్చింది. మజ్జిగిచ్చాను. ఈయన తగువంతా ఆ పిల్ల ముందు పెట్టారు.

అరుగు మీద వడ్లు ఆరబోసున్నాయి. ఆ పిల్ల వాటిని అంచుకి పోగేస్తూ, "సముద్రంలో కూడా ఒడ్డు పక్కన ఇలాంటి అరుగుంటుందండి. నది తెచ్చిన మట్టి ఏళ్ల తరబడి దానిమీద పేరుకుంటుంది. తుఫానొచ్చి కుదిపిందా..." అని ఒక్క తోపు తోసింది. వడ్లు జరజరా వీధిలోకి జారాయి. "ఇలా లోతుకి పోతుందండి."

"మరి నా పొలం అరుగు మీదుందా, వీధిలో ఉందా?"

"కొంత ఇక్కడ, కొంత అక్కడా ఉండొచ్చు బాబాయిగారూ. అవతలి మేట కూడా దారిలో ఆగినదే. ఏదో వరదకి అదీ పోతుంది."

మీ తాతయ్య మొహం వెలిగిపోయింది. వీధిలో వడ్లు నాకొదిలేసి, చొక్కా తగిలించుకుని రేవుకి నడిచారు. వెనకే నేనూ పరిగెత్తి పడవెక్కాను. అవతలి ఒడ్డున దిగీదిగగానే ఈయన కేకేశారు.

"బావగారూ, మీదీ పోతుందట!"

వియ్యంకుడుగారు అంతా విని, "పోయేదానికి తగువెందుకులెండి" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, "కోడలి బట్టలు సర్దండి" అన్నారు.

నేను హమ్మయ్య అనుకున్నానో లేదో, రేవులో మళ్లీ మొదలు.

"ముందు పోయింది నాది. సముద్రం అడుగున నాదే ఉంటుంది. మీది వచ్చి నా నేలమీదే పడుండాలి."

"పైనుండేది మేమే కదా బావగారూ. మీకు గాలి కూడా ఆడదు."

మీ అమ్మ అప్పటికే పడవలో కూర్చుంది. "నాన్నా, వస్తారా? లేకపోతే ఆ అడుగు నేల దున్నేసి నిదానంగా వస్తారా?"