ఎదురింటికి వచ్చిన చక్రాల కుర్చీ

అంబత్తూరు ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసిన రోజుల నుంచి నాకు డైరీ అలవాటు. ఏ పని ఎన్ని గంటలకు జరిగిందో రాస్తాను. ఎవరు చేశారో రాయను. రిటైరయ్యాక కూడా అదే పద్ధతి.

నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. వ్యాసర్పాడిలో మా వీధి చివరి స్కూల్లో ఉచిత చక్రాల కుర్చీల శిబిరం పెట్టారని ఆటోలో తీసుకెళ్ళాను. కుర్చీలు తక్కువ, అవసరం ఎక్కువున్న వాళ్ళకే ముందు ఇస్తామన్నారు. పరీక్షించే అమ్మాయి ప్రశ్నలు అడిగింది.

“మరుగుదొడ్డికి వెళ్తారా?”

“రోజూ ఆరింటికి.”

“స్నానం?”

“ఆరున్నరకు. ఒక్క రోజు కూడా తప్పలేదు, చూడండి.” డైరీ తెరిచి చూపించాను. నా భార్య ఏదో చెప్పబోయింది. ఉండమని సైగ చేశాను.

“చాలా బాగా చూసుకుంటున్నారయ్యా,” అంటూ ఆ అమ్మాయి టిక్కులు పెట్టుకుంది. నేను పొంగిపోయాను.

మా వెనకే ఎదురింటాయన. రైల్వే యార్డులో మూటలు మోసిన మనిషి. అదే జబ్బు, అదే కాలు. అడిగిన ప్రతిదానికీ ఆయన భార్య ఒకటే జవాబు: “యాడమ్మా! నేను పట్టుకోకుంటే పడిపోతాడు.”

పది రోజుల్లో కుర్చీ వాళ్ళింటికి వచ్చింది. మమ్మల్ని రెండో జాబితాలో వేశారు.

రోజూ సాయంత్రం ఆమె ఆయన్ను అందులో కూర్చోబెట్టుకుని టీ కొట్టుకు తీసుకెళ్ళేది. ఆ కొత్త టైర్లు చప్పుడు లేకుండా మా గుమ్మం ముందు నుంచి పోతుంటే నాకు ఒళ్ళు మండేది. డైరీలో రాయడం మొదలుపెట్టాను. ‘5.10, టీ కొట్టు.’ ‘5.05, టీ కొట్టు.’ ఒక ఆదివారం ఆ కుర్చీలో గ్యాస్ సిలిండరు తెచ్చుకున్నారు. ఆ మాట కింద రెండు గీతలు గీశాను. ఇదంతా శిబిరం పెట్టిన వాళ్ళ ఆఫీసులో చూపించాలనుకున్నాను. నిజం చెప్పాలంటే, మాకు కుర్చీ రావాలన్న కోరిక కంటే వాళ్ళది పోవాలన్న కోరికే బలంగా ఉండేది.

“ఏం రాస్తా ఉండారు? చదవండి, నేనూ వింటా,” అంది నా భార్య.

చదివాను. శ్రద్ధగా వింది.

“ఆయప్ప ఎన్ని తూర్లు బయటికి పోయినాడో అంతా ఉండాది. సరి, నన్ను స్నానానికి ఎవురు ఎత్తుకపోతా ఉండారో ఒక్క తూరన్నా రాసినారా? నేనే నడిచి పోతా ఉండానని ఆ పాప అనుకునింది. పెద్ద గొప్పగా చూపిస్తిరే పుస్తకం!”

వెనక్కి తిప్పి చూశాను. ప్రతి పేజీలో ‘6.30, స్నానం.’ అంతే.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఆ అమ్మాయితో చెప్పాను. “నా భార్య తనంతట లేవలేదమ్మా. నేనే ఎత్తుతాను. ఇప్పుడు నా నడుమూ పట్టేస్తోంది.” ఆ అమ్మాయి కొత్త ఫారం తీసి రాసుకుంది. లేచి వస్తూ ఉండబట్టలేక సిలిండరు సంగతి కూడా చెప్పాను.

“వాడుకోనివ్వండయ్యా. మూల పడేసిన కుర్చీలు చూస్తేనే మాకు బాధ,” అంది.

ఇంకా రెండో జాబితా రాలేదు. మొన్న సాయంత్రం ఎదురింటావిడ మా గుమ్మంలోకి వచ్చింది.

“అన్నా, ఈయన్ను టీ కొట్టు కాడ బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చినా. కుర్చీ ఖాళీ. వదినను తీసకపోదునా?”

నా భార్య వెంటనే, “ఆయన్ను అడిగేదేంది, దువ్వెన ఇటియ్యి,” అంది.

ఇద్దరం కలిసి ఆమెను కూర్చోబెట్టాం. తోయబోతే ఎదురింటావిడ నా చేతులు తప్పించింది. “నీకు నడుం నొప్పని వదిన చెప్పిందన్నా, నువ్వు ఈడనే ఉండు.”

వీధి మలుపు తిరిగేటప్పుడు నా భార్య నవ్వు వినిపించింది. జబ్బు చేశాక ఆ నవ్వు నేను వినలేదు. ఎత్తి మోసిన ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నా దగ్గర అలా నవ్వలేదు. వాకిట్లోనే నిలబడ్డాను. ఎదురింటావిడ మీద పీకల దాకా కుళ్ళుగా ఉంది.