మూటలావిడ వేషం

మా అక్కది పుట్టుకతోనే పెద్ద నోరు. కండక్టరు ఉద్యోగం వచ్చాక ఆ నోటికి జీతం కూడా వచ్చింది. "లోపలికి జరగండి బాబూ, గుమ్మంలో నిలబడటానికి ఇదేమన్నా అత్తారిల్లా?" అంటే బస్సంతా నవ్వేది. ఆమె బస్సు కోసం జనం ముందొచ్చిన బస్సు వదిలేసేవాళ్ళు. నమ్మకపోతే పోండి.

ఆరేళ్ళ కిందట ఆ బస్సులోనే ఎవడో బాంబు పెట్టాడు. తొమ్మిదిమంది పోయారు. అక్క ఎడమచేయి మోచేతి దాకా పోయింది. డిపోవాళ్ళు ఆమెను విచారణ కౌంటర్లో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే పని. కొన్నాళ్ళకి ఆమె నోరు మళ్ళీ లేచింది కానీ, ఎదుటివాళ్ళ నవ్వు లేవలేదు. ఆమె జోకు వేస్తే జనం చేతివైపు చూసి తల దించుకునేవారు. మా ఇంట్లో మరీ ఘోరం. ఆమె గదిలోకి వస్తే టీవీలో కామెడీ ఆపేసేవాళ్ళం. ఆపేది నేనే. పెద్ద గౌరవం చేస్తున్నాననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈ ఏడు డిపో నాటక బృందం ఒక పరాయిభాషా నాటకం ఎత్తుకుంది. స్టేషన్లో రైలు కోసం ఎదురుచూసే మామూలు మనుషుల కథ. మొదటి అంకం నిండా వాళ్ళ తగాదాలు, ఆఖర్న పేలుడు, రెండో అంకంలో మిగిలినవాళ్ళు. కాలేజీ లెక్చరరొకాయన దాన్ని తెలుగు చేశాడు. డైరెక్టరు మా ఇంటికొచ్చి, "మీరేమీ మాట్లాడక్కర్లేదమ్మా. చివర్లో వచ్చి నిలబడితే చాలు. మీ మీద లైటు వేస్తాం, హాలంతా ఏడుస్తుంది" అన్నాడు.

"నేనేమన్నా దిష్టిబొమ్మనా బాబూ?" అంది అక్క. "ఇస్తే ఆ మూటలావిడ వేషం ఇవ్వు. లేదంటే వెళ్ళు, నాకు బట్టలు మడతపెట్టుకునే పనుంది."

మూటలావిడంటే నాటకంలో నవ్వించే పాత్ర. మూడు మూటలతో వచ్చి, బెంచీ మీద చోటు కోసం ప్లాట్‌ఫారం మొత్తంతో పోట్లాడి, పేలుడులో చచ్చిపోతుంది. డైరెక్టరు గొంతు తగ్గించాడు. "మీలాంటివాళ్ళు కామెడీ చేస్తే చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందమ్మా."

అక్కకి ఒళ్ళు మండింది. "నా బస్సులో పోయినవాళ్ళలో ఒకావిడ చివరిగా ఏం చేస్తోందో తెలుసా? కిటికీ సీటు కోసం నాతో పోట్లాడుతోంది. నన్ను మొండిఘటం అంది. నేను గయ్యాళి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మీరేమో పోయినవాళ్ళని ఫోటోల్లో పెట్టి దేవతల్ని చేశారు. ఆవిడ దేవత కాదు, గయ్యాళి. ఆ గయ్యాళిని చంపారనే నా కడుపుమంట. ఇప్పుడు నవ్వు కూడా ఆ బాంబు పెట్టినవాడికే వదిలెయ్యమంటావా?"

వేషం అక్కకే వచ్చింది.

మొదటి రిహార్సల్ రోజే ఆమె లెక్చరరుగారిని పట్టుకుంది. "'దయచేసి మీ పాదమును నా సామాను పైనుండి తొలగించెదరా' అని రాశారు. ఇలా ఎవరు మాట్లాడతారు సార్, మీ ఆవిడా?"

"మూలంలో అంత మర్యాదగానే ఉందమ్మా."

"అక్కడ మర్యాదగా తిట్టుకుంటారేమో. మనకి తిట్టు తిట్టులా ఉండాలి."

ఆయన పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. హాలు నిండింది. ఆమె ఎవరో ఊరందరికీ తెలుసు, వచ్చిన చిక్కే అది. అక్క రెండు మూటలు భుజాన, ఒకటి చేత, టిక్కెట్టు పళ్ళ మధ్య పెట్టుకుని వచ్చింది. రిహార్సల్లో లైట్లు వేసేవాడు కూడా పగలబడి నవ్విన చోటది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. భుజం మీది మూటొకటి జారి, దొర్లి, స్టేజీ దిగి ముందువరసలో ఒక పెద్దమనిషి కాళ్ళ దగ్గర పడింది. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. నా పక్కావిడ కళ్ళు తుడుచుకుంది. అక్క టిక్కెట్టు పళ్ళ మధ్య పెట్టుకునే హాలు వైపు చూసింది. ఇవాళ ఎవరూ నవ్వకపోతే ఆమె ఇంకెప్పుడూ ఎవర్నీ నవ్వించబోదని, ఆ మైకు ముందు బస్సు నంబర్లు చదువుకుంటూ ఉండిపోతుందని నాకు తెలుసు. తెలిసి కూడా నేను నవ్వలేకపోయాను.

అక్క టిక్కెట్టు ఉమ్మేసింది. ఆ పెద్దమనిషి వైపు వంగి, "పాపం తర్వాత అందురుగాని, ముందు ఆ కాలు తియ్యవయ్యా. అది నా మూట, మీ మామగారు పెట్టిన కాళ్ళపీట కాదు" అంది.

ఆయన ఉలిక్కిపడి రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆరేళ్ళుగా ఆపుకున్నది, ఇక ఆగలేదు. ముక్కులోంచి గురకలా మొదలై పెద్దగా బయటికొచ్చేసింది. పక్కావిడ నన్ను నమిలి మింగేసేలా చూసింది. చూడనీ. "మా అక్కేనండీ, నవ్వండి" అన్నాను. వెనక వరసల్లో డ్రైవర్లు అందుకున్నారు. తర్వాత ఆ పెద్దమనిషి, కాళ్ళు ముడుచుకునే నవ్వాడు. ఆ తర్వాత హాలు మొత్తం.

అక్క తర్వాతి మాట అందుకోబోయి ఆగింది. నవ్వు ఇంకా తగ్గలేదు. మిగిలిన మూటలు బెంచీ మీద దించి, అది తగ్గేదాకా, తొందరేమీ లేనిదానిలా నిలబడింది.