గుట్ట మీది గదులు

ఆ టూర్ టికెట్టు నా కోసం కొన్నది కాదు. అరిజోనాలోని చాండ్లర్‌లో మా వెనక వీధిలో ఉండే డాక్టరాంటీ, అంకుల్ తమ కోసం కొనుక్కున్నారు. ఒక్క రోజు బస్సు ప్రయాణం. తెల్లవారగానే బయల్దేరి ఉత్తరంగా వెళ్ళాలి. వందల ఏళ్ళ కిందట ఈ నేల మీది తెగలవాళ్ళు కొండల్లో కట్టుకుని, తర్వాత విడిచిపెట్టిన ఇళ్ళను రెండు చోట్ల చూపించి సాయంత్రానికి మళ్ళీ దింపేస్తారు. తీరా ముందురోజు అంకుల్ మోకాలు వాచింది. ఆంటీ నాకు ఫోన్ చేసింది.

“రేపు పొద్దున్నే రెడీగా ఉండు. పులిహోర నేను చేస్తున్నా. నువ్వు పెరుగన్నం కలిపి పట్రా.”

“నాకు ఓపిక లేదాంటీ.”

“బస్సులో కూర్చోడానికి ఓపికెందుకు? నడిచే చోట నడువు, లేకపోతే మానెయ్. ఇంట్లో కూర్చుని టీవీ చూడటం కన్నా నయమే కదా, నాకైనా నీకైనా.”

ఆవిడ గుంటూరులో డాక్టరు చదువు చదివి, ఆ రోజుల్లోనే అమెరికా వచ్చి, పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మాట కొంచెం కరుకు. ఒకసారి చెప్పాక ఇక కాదనే వీలుండదు. నేను సరేనన్నాను.

అది రెండువేల ఏడులో, చలికాలం ఇంకా పోని రోజుల్లో. అంతకు ముందు దసరా వెళ్ళిన వారంలో నాకు ఏడో నెల నడుస్తుండగా కడుపులో పాప కదలడం మానేసింది. ఆసుపత్రికి వెళితే స్కాన్ చేసిన అమ్మాయి తెరను తనవైపు తిప్పుకుని, డాక్టర్ని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళింది. అప్పుడే నాకు తెలిసిపోయింది. మర్నాడు కాన్పు చేశారు. పాపను చూస్తావా అని నర్సు అడిగింది. చూశాను. కాసేపు ఎత్తుకున్నాను కూడా. తర్వాత నిద్రమందు ఇచ్చారో, నేనే అలిసి నిద్రపోయానో గుర్తులేదు. లేచేసరికి పాప లేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన ఒక్క మాట చెప్పారు. “మిగతాదంతా హాస్పిటల్ వాళ్ళే చూసుకుంటామన్నారు. నేను సరేనన్నాను.” నేను తలూపాను. ఆ మిగతాదేమిటో అడగలేదు. అమ్మ ఫోనులో రోజూ “మరిచిపోమ్మా, వయసుంది” అనేది. స్నేహితులు వచ్చినప్పుడు వాతావరణం గురించీ, గ్రీన్ కార్డుల గురించీ మాట్లాడి వెళ్ళేవాళ్ళు. ఎవరి తప్పూ లేదు. ఏం మాట్లాడాలో నాకే తెలియనప్పుడు వాళ్ళకేం తెలుస్తుంది? డాక్టరాంటీ మాత్రం వారానికొకసారి వచ్చి, కూర గిన్నె బల్ల మీద పెట్టి, నా కంటి కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసి, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగి వెళ్ళిపోయేది.

బస్సు ఒక హోటల్ ముందు నుంచి బయల్దేరింది. ఎక్కినవాళ్ళు చాలావరకు పెద్దవాళ్ళు. మంచు పడే రాష్ట్రాల నుంచి చలికాలం గడపడానికి అరిజోనా వచ్చి ఉండేవాళ్ళు. మా వెనక సీట్లో మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక జంట కూర్చున్నారు. ఆ పెద్దాయన ఆంటీ చీర అంచు చూపించి ఇది చేతి నేతా అని అడిగాడు. ఆంటీ మంగళగిరి గురించి చెప్పడం మొదలుపెట్టి, ఊరు దాటేదాకా ఆపలేదు. నేను కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. చేతులెత్తి నిలబడ్డట్టుండే పెద్ద పెద్ద జెముడు చెట్లు కొండవాలంతా కనిపించి, ఎత్తు పెరిగేకొద్దీ పలచబడి, ఒకచోట పూర్తిగా ఆగిపోయాయి. ఆ తర్వాత అంతా పొట్టి పచ్చిక, అక్కడక్కడా గుబురు చెట్లు.

మా గైడుకు అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు వెనక్కి ముడివేసుకుని, నీలంరాయి ఉంగరం పెట్టుకున్నాడు. తన తల్లి తరఫువాళ్ళు ఈ కొండలకు ఇంకా ఉత్తరాన ఉండే తెగవాళ్ళని, తాము ఇటునుంచే నడిచి వెళ్ళామని వాళ్ళ పెద్దలు చెప్పుకుంటారని అన్నాడు. గొంతు పెంచేవాడు కాదు. మైకు ఉన్నా చెవి పెట్టి వినాల్సివచ్చేది.

మొదటి చోట నిలువుగా లేచిన తెల్లటి కొండ ఉంది. దాని నడుమ, పిచ్చుక గూడు పెట్టినట్టు, అంతస్తులుగా కట్టిన ఇల్లు. పైకి ఎక్కనివ్వరు. కింద దారిలో నిలబడి తలెత్తి చూడటమే. నిచ్చెనల మీద నీళ్ళు, కట్టెలు, మొక్కజొన్న పైకి మోసుకెళ్ళేవాళ్ళని గైడు చెప్పాడు. గోడకు పూసిన మట్టి మీద పూసినవాళ్ళ వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయట. మాకు అంత దూరానికి కనపడలేదు. మిన్నెసోటా పెద్దాయన బైనాక్యులర్స్ నాకు ఇచ్చాడు. నేను చూసి, కనపడకపోయినా కనిపించాయనే చెప్పి తిరిగి ఇచ్చేశాను. వాగు పక్కన బల్లల దగ్గర పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఆంటీ గైడుకు కూడా కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టింది. ఆయన మిరపకాయ కొరికి, నీళ్ళు తాగి, ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

రెండో చోటు ఒక గుట్ట. పాము చుట్టచుట్టుకున్నట్టు గుట్టమీదంతా రాతి గదులు. కప్పులు ఎప్పుడో పడిపోయాయి, గోడలు నడుము ఎత్తున మిగిలాయి. ఇక్కడ మాత్రం గదుల మధ్య తిరగనిస్తారు. గాలి చల్లగా, గట్టిగా వీస్తోంది. కింద లోయలో సన్నటి నది, దాని వెంట ఆకులు రాలిన చెట్ల వరస.

గైడు ఒక గది అంచున ఆగాడు. మా ఇంటి వంటగది అంత ఉంటుంది. ఒక మూల పొయ్యి గుంట, ఇంకో మూల ధాన్యం నూరుకునే రాయి. ఇది వంట చోటు, ఇది పడుకునే చోటు అని చూపించాడు. తర్వాత నేలవైపు చూస్తూ చెప్పాడు.

“పెద్దవాళ్ళు పోతే బయట గుట్ట వాలులో పెట్టేవాళ్ళు. పసిపిల్లలు పోతే మాత్రం ఇంట్లోనే, ఈ నేల కిందే పెట్టుకునేవాళ్ళు. తవ్వినవాళ్ళకు ఈ గుట్ట మీద చాలా గదుల్లో పసివాళ్ళు కనిపించారు. అందుకే ఇక్కడ నేను గట్టిగా మాట్లాడను.”

మిన్నెసోటా ఆవిడ అడిగింది. “ఆ నేల మీదే వండుకుని పడుకోవడం వాళ్ళకు భయం వేసేది కాదా?”

“వాళ్ళ పిల్లలే కదమ్మా” అన్నాడు గైడు. “సొంత పిల్లలంటే భయమెందుకు? అంత చిన్నవాళ్ళకు ఒంటరిగా దారి తెలియదని మా పెద్దవాళ్ళు అంటారు. అందుకని తల్లి గొంతు వినపడే చోట ఉంచుతారు.”

అందరూ ఆయన వెంట పక్క గదికి కదిలారు. నేను కదలలేకపోయాను. ఆ గది గోడ మీదే కూర్చున్నాను. గోడ మీద కూర్చోకూడదని రాసి ఉంది. గైడు వెనక్కి తిరిగి చూసి, మిగతావాళ్ళను ముందుకు తీసుకెళ్ళాడు.

ఏడవలేదు. ఆ పొయ్యి గుంటను చూస్తూ, నా కన్నా చిన్నది ఎవరో అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని రొట్టె కాలుస్తూ ఉండేది కదా అనుకున్నాను. తన బిడ్డ ఎక్కడుందో ఆమెకు చెయ్యి చాచినంత దూరంలో తెలుసు. నాకు తెలియదు. ఇన్ని నెలలుగా నన్ను తొలిచేస్తున్నది ఇదేనని ఆ గోడ మీద కూర్చునేదాకా నాకు అర్థం కాలేదు.

ఆంటీ వచ్చి పక్కన నిలబడింది. చీర కొంగు గాలికి ఎగరకుండా భుజం చుట్టూ లాక్కుంది.

“ఆంటీ, మా పాపని ఎక్కడ పెట్టారు?” అన్నాను.

“నాకు తెలీదమ్మా. ఆ హాస్పిటల్లో నేను పనిచెయ్యలేదు. కానీ కనుక్కోవచ్చు. వాళ్ళు ఊరికే ఎక్కడో పడెయ్యరు, దానికో పద్ధతి ఉంటుంది.”

“ఇప్పుడు అడిగితే ఏమనుకుంటారో.”

“ఎవరు? అడగడానికి నీకన్నా ఎక్కువ రైట్ ఎవరికుంది?”

తర్వాత ఆవిడ కూడా నా పక్కన గోడ మీదే కూర్చుంది. “నాకన్నా ముందు మా అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి, పురిట్లోనే పోయాడు. దొడ్లో, చింతపండు జాడీలు పెట్టుకునే కొట్టు గోడ పక్కన పెట్టించిందట. నాకు తెలీదు. చిన్నప్పుడు ఆ గోడ పక్కన గేదెను కట్టెయ్యడానికి గుంజ పాతబోయాడు మా పాలేరు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, మా అమ్మ, పరుగెత్తుకొచ్చి వాడి చేతిలో గునపం లాక్కుంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మెడిసిన్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఒకరోజు తనే చెప్పింది. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు అక్కడే పోసేదిట. అక్కడ కనకాంబరం బాగా పూసేది.”

“మీరింతవరకూ నాతో పాప సంగతి ఎత్తలేదు” అన్నాను.

“డాక్టర్నని ఐరన్ టాబ్లెట్స్ గురించి అడుగుతాను. ఇలాంటివి ఎలా అడగాలో నాకు మాత్రం ఎవరు నేర్పారు?”

బస్సు హారన్ వినపడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. లేచేటప్పుడు నేను వంగి ఆ గది నేలను చేత్తో తాకాను. ఎండకు కాస్త వెచ్చగా ఉంది. దిగే దారిలో గైడు ఆంటీకి చెయ్యి అందించాడు, ఆమె తర్వాత నాకూ.

తిరుగు ప్రయాణంలో ఆంటీ నిద్రపోయింది. హోటల్ ముందు మా ఆయన కారుతో వచ్చి ఉన్నారు. ఆంటీని ఇంటి దగ్గర దింపాక, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపేసి తాళం తీయబోతుంటే అడిగాను.

“పాపని ఎక్కడ పెట్టారో హాస్పిటల్ వాళ్ళని కనుక్కుందామా?”

ఆయన తాళం మీది చెయ్యి తీయలేదు. ముందు అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నారు.

“నాకు తెలుసు” అన్నారు.

“ఏం తెలుసు?”

“ఎక్కడుందో. నేను వెళ్ళాను. నువ్వు ఇంటికొచ్చిన వారం తర్వాత. ఆఫీస్‌కని చెప్పి వెళ్ళాను. మెసా ఊరు దాటాక ఒక శ్మశానం ఉంది. ఇలాంటి పిల్లలకి హాస్పిటల్ వాళ్ళు అక్కడ ఒక భాగం తీసుకున్నారు. ఆ రోజు నాతో పాటు ఇంకో ఇద్దరు తండ్రులొచ్చారు. పాస్టర్ ఏదో చదివాడు. నాకేమీ రాదు కదా. మా నాన్నమ్మ పొద్దున్నే చదివే విష్ణు సహస్రనామంలో వచ్చిన నాలుగు పేర్లు మనసులో అనుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అందరూ నీ దగ్గర ఆ మాటే ఎత్తొద్దన్నారు. మీ అమ్మ కూడా. నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను. నువ్వు అడగలేదు.”

నాకు కోపం వచ్చింది. నా బిడ్డను సాగనంపేచోట నేను లేకుండా చేశారని, అరవాలనిపించింది. కానీ ఆయన మొహం చూస్తే, ముగ్గురు ముక్కూమొహం తెలియని మగవాళ్ళు గడ్డిలో పక్కపక్కన నిలబడి ఉండటం కళ్ళకు కట్టింది. ఇన్ని నెలలు ఈ సంగతి కడుపులో పెట్టుకుని ఈయన రోజూ నాకు కాఫీ కలిపి ఇచ్చి ఆఫీసుకు వెళ్ళారు. అప్పుడు ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు. నేను ఆయన ఏడవడం చూసింది అదే మొదలు.

ఆ శనివారం ఇద్దరం వెళ్ళాం. పెద్ద పెద్ద రాళ్ళేమీ లేవక్కడ. పచ్చిక, చుట్టూ వరసగా మామూలు చెట్లు, నేల మట్టానికి పరిచిన ఒక పలక. దాని మీద పేర్లు లేవు. పాప ఉన్న చోటును మా ఆయన పలక నుంచి అడుగులు కొలిచి చూపించారు. నేను చెప్పులు విప్పి అక్కడ కూర్చున్నాను. పాపకు ఏ పేరు పెట్టాలనుకున్నామో ఆ పేరు పైకి పలికాను. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో ఎన్నోసార్లు పిలిచిన పేరే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్కసారి కూడా పలకలేదు.

ఆ తర్వాత నెలకొకసారి వెళ్ళేవాళ్ళం. ఆంటీ కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. కొంతకాలానికి మాకు ఒక బాబు పుట్టాడు. వాణ్ణి కూడా తీసుకెళ్ళి అక్క అని చెప్పాం. వాడు పచ్చిక పీకి నోట్లో పెట్టుకున్నాడు.

రెండువేల పన్నెండులో మా ఆయనకు ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చి టెక్సస్‌కు మారిపోయాం. సామానంతా ట్రక్కులోకి ఎక్కించాక, ఆంటీ ఇంటికి చెప్పిరావడానికి వెళ్ళాను. ఆవిడే అంది. “పాప సంగతి నువ్వు బెంగపెట్టుకోకు. నేనున్నాను. కారు నడపగలిగినన్నాళ్ళూ నేను వెళ్తాను.”

అలాగే వెళ్ళేది. ఎప్పుడు వెళ్ళినా ఇంటికి వచ్చాక ఫోన్ చేసేది. ఎక్కువ మాట్లాడేది కాదు.

“ఇవాళ వెళ్ళొచ్చానమ్మా. గడ్డి శుభ్రంగా కోసి ఉంచారు. కాసేపు కూర్చున్నాను. ఎండ బాగుంది.”