అమ్మ గడ్డం కింద బ్యాటరీ లైటు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు మా అక్కను టీవీ ముందు కూర్చోబెట్టి, ఏదో మీట నొక్కి, ఇకమీదట బొమ్మ కింద మాటలన్నీ తెలుగులోనే పడతాయనీ, పెద్దవ్వకు ఎవరూ నోరు నొప్పి పుట్టేలా చెప్పనక్కర్లేదనీ గొప్పగా ప్రకటించింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో అక్కకు చెవులు పోయాయి గానీ, అమ్మ పట్టుబట్టి చదువు చెప్పించింది కాబట్టి తెలుగు అక్షరం కంటబడితే వదలదు. నిజంగానే అక్షరాలు పడ్డాయి. అక్క కళ్లజోడు తుడుచుకుని ముందుకు వంగి కూర్చుంటే నాకు కళ్లు చెమర్చాయి కూడా. కాసేపటికి తెర మీద అత్తాకోడళ్లు ఊపిరి తిప్పుకోకుండా పోట్లాడుకుంటుంటే కింద ఒక్క ముక్క పడి ఊరుకుంది, పాట వచ్చినంతసేపూ 'సంగీతం' అన్న మాటే కదలకుండా నిలబడింది, ఇంటిల్లిపాదీ పగలబడి నవ్విన చోట 'నవ్వులు' అని పడింది. మేం నవ్వుతున్నట్టు ఆమెకు కనబడుతూనే ఉంది కదా, ఎందుకు నవ్వుతున్నామో చెప్పాలి గానీ! అక్క నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఆ వేళ్లు తగలగానే నాకు తనకల్లు దగ్గరి మా ఊరూ, అక్కడి డేరా సినిమా గుర్తుకొచ్చాయి.

బుడ్డలు, అదే వేరుశనగ, బాగా పండిన ఏడాదే మా ఊరికి డేరా వచ్చేది. వాన ఎగ్గొట్టిన ఏడు వాళ్లూ ఎగ్గొట్టేవారు. మొదటి ఆటకు నేల టిక్కెట్టు కొనుక్కుని అందరూ తెరవైపు తిరిగి కూర్చుంటే, మా అమ్మ మాత్రం తెరకు వీపు పెట్టి, అక్కకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని, గడ్డం కింద బ్యాటరీ లైటు పెట్టుకుని, వెలుగు పక్కవాళ్ల కళ్లలో పడకుండా కొంగు అడ్డం పట్టి, వెనక వినబడే ప్రతి మాటనూ చప్పుడు లేకుండా పెదవులతో పలికేది. మాట ఎవరిదో తెలియడానికి గుర్తులుండేవి: హీరో మాట్లాడితే లేని మీసం మెలేసేది, హీరోయిన్ అయితే ముక్కుపుడక తాకేది, విలన్ అయితే కనుబొమ ఎగరేసేది. ఆ బ్యాటరీ చేనిలో అడవిపందులు పడకుండా కాపలాకని నాయన కొనుక్కున్నది. సినిమాకే సెల్లులన్నీ అయిపోతున్నాయని ఆయన సణిగితే, అమ్మ వాటిని మిద్దె మీద ఎండబెట్టి మళ్లీ వేసేది. మా సీమలో దేనికి కరువున్నా ఎండకు లేదు కదా.

కొత్తగా చూసినవాళ్లు ఊరుకునేవారు కాదు. వెనక వరసలో కూర్చున్న ఒకామె ఒకసారి అడిగేసింది.

“ఏమమ్మా, సినిమా ఆ పక్క ఆడతాంటే నువ్వు ఈ పక్క తిరుక్కోని కూచున్యావే?”

“నాకు ఈ పక్కే బాగ కనపడతాదిలే అక్కా,” అంది అమ్మ.

అమ్మ ఎన్ని సినిమాలకు వచ్చినా ఒక్కటీ చూడలేదే అని నేను మాత్రం లోలోపల జాలిపడేదాన్ని.

ఒక సినిమాలో హాస్యగాడు చెవిటివాడి వేషం వేసి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని వెర్రిమొర్రిగా అరుస్తుంటే డేరా అంతా విరగబడి నవ్వింది. నాయన కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. అమ్మ పెదవులు ఆగిపోయాయి, లైటు ఆర్పేసింది. అక్క చుట్టూ చూసింది, అమ్మ గడ్డం పట్టుకుంది. ఏమీ లేదు, ఊరికే నవ్వుతున్నారని అమ్మ చేత్తో సైగ చేస్తే అక్క నమ్మలేదు. తానే లైటు లాక్కుని, వెలిగించి, అమ్మ గడ్డం కింద పెట్టింది. ఇక అమ్మకు తప్పలేదు. ఏడుస్తూనే, ఒక్క మాట మిగల్చకుండా చెప్పింది. అక్క అంతా చూసి, అమ్మ తల మీదుగా తెరవైపోసారి చూసి, తనకు వచ్చిన ముద్దమాటలతో డేరా సగానికి వినబడేలా అంది:

“వానికి చేతకాలా.”

ఈసారి మా చుట్టూ ఉన్నవాళ్లు నవ్వింది ఆ హాస్యగాణ్ణి చూసి కాదు. ఇంటికి నడుస్తూ అక్క అమ్మ కొంగు పట్టుకుని ఆపి, “దాచొద్దు మా. నవ్వేదైనా చెప్పు, ఏడ్చేదైనా చెప్పు,” అంది. అప్పటినుంచి అమ్మ దేన్నీ దాచలేదు. విలన్ బూతులు తిడితే నన్ను చెవులు మూసుకోమని, అక్కకు మాత్రం పూర్తిగా చెప్పేది! నాకు భలే ఉక్రోషంగా ఉండేది.

అమ్మ పోయింది, డేరాలు పోయాయి. మనవరాలు చేసింది మంచి పనే. అక్క తన ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు చెప్పడానికి నేను ఉండను కదా, ఆ అక్షరాలే దిక్కు. అందుకే నాకు కోపం, సగం చెప్పి ఊరుకుంటారేమని. ఆ కోపంలోనే కుర్చీ ఇటు తిప్పి, టీవీకి వీపు పెట్టి కూర్చుని, అత్త ఏమందో కోడలు ఏమందో చెప్పసాగాను. మాట అందగానే అక్క ముఖం విప్పారింది. నవ్వు ముందు కళ్లలోకి వచ్చి, ఆ తర్వాత పెదవుల మీదికి దిగింది. ఒక్కచోట అందకపోతే కనుబొమలు ముడిపడ్డాయి, నేను మళ్లీ చెప్పాను. ఇన్నేళ్లు అమ్మ మీద ఊరికే జాలిపడ్డాను.

ఇప్పుడు ఆ మాటలు వేసేది మనిషో యంత్రమో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఒక్క ఆట మా అక్కకు ఎదురుగా కూర్చుని వేసి చూడాలి. ఆ ముఖం చూస్తూ సగం మాట మింగడం ఎవరివల్లా కాదు.